పొయ్యి మీద ఐదు పెంకులు

జాలరిపేటలో జోగమ్మ ఇంటి కప్పు కొలవడానికి ఎక్కిన ఎల్లారావు కుడికాలి చెప్పు, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఆవిడ చేపల పులుసులో పడింది. చెప్పు మాత్రమే పడింది. కాలు సిమెంటు రేకుని పగలగొట్టుకుని తొడదాకా దిగి, పొయ్యికి రెండు మూరల ఎత్తున ఆగిపోయి, అక్కడే గాలిలో వేళ్ళాడుతూ ఉండిపోయింది. జోగమ్మ తలెత్తి చూడలేదు. గరిటెతో చెప్పుని అందుకుని, గుమ్మం బయట ఆరబెట్టి, ఉప్పు సరిచూసుకుని, పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

"ఎల్లారావూ, కాలు తీస్తావా, దాన్నీ పులుసులో ఏసేమంతావా?" అంది కాసేపటికి.

"తీస్తన్నానప్పా. సెయ్యి ఆన్సుకోడానికి సోటు నేదు."

"నిదానంగా తియ్యి. మసాలా ఇంకా ఎయ్యనేదు."

మధ్యాహ్నం బోటు దిగి వచ్చి అన్నం తిన్న కొడుకు తిరుమలరావు, ఇవాళ పులుసు బావుందన్నాడు. అతనికి సంగతి ఎవరూ చెప్పలేదు.

అప్పా అంటే అక్కా అని. వినేవాళ్ళకి అక్కాతమ్ముళ్ళ వేళాకోళంలా ఉంటుంది గానీ, పదకొండేళ్ళ తరవాత వాళ్ళిద్దరూ ఆడుకున్న మాటల్లో అవి మూడోవో నాలుగోవో. ఈ పదకొండేళ్ళూ జోగమ్మ దృష్టిలోనూ, ఆ వీధి దృష్టిలోనూ ఎల్లారావు నూకరాజుని చంపినవాడు. నూకరాజు జోగమ్మ మొగుడు.

ఎల్లారావుకి యాభై ఎనిమిది. ఎలమంచిలి దగ్గర పల్లెలో రెండెకరాల రైతు కొడుకు. పద్దెనిమిదో ఏట మేనమామ వెంట పట్నం వచ్చి, పెంకులు నెయ్యడం నేర్చుకున్నాడు. ఒకప్పుడు సముద్రం ఒడ్డున ఉన్న ఇళ్ళలో ఆయన చెయ్యి పడని కప్పు లేదంటే అతిశయోక్తే గానీ, ఆయన మాత్రం అలాగే చెప్పుకునేవాడు. పెంకుని వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. ఖంగుమంటే వరసలో పెట్టేవాడు, మొద్దుగా మోగితే పక్కన పడేసేవాడు. పెంకుల మీద వట్టి కాళ్ళతోనే నడవాలనేది మేనమామ నేర్పిన మొదటి పాఠం. అడుగు వేసేముందే ఏది పగులుతుందో అరికాలు చెబుతుందట. కానీ ఈమధ్య షుగరొచ్చింది. చెప్పుల్లేకుండా అడుగు వెయ్యొద్దని డాక్టరు చెప్పాడు. నేల మీదో కప్పు మీదో డాక్టరు చెప్పలేదు, ఈయన అడగలేదు.

ఇప్పుడు పెంకులు ఎవరు వేయిస్తున్నారు? డబ్బున్నవాళ్ళకి స్లాబు, లేనివాళ్ళకి రేకులు. ఎల్లారావు మద్దిలపాలెంలో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్. మెట్ల కింద గది. జీవితమంతా ఊరి కప్పుల మీద బతికిన మనిషి నెత్తిన ఇప్పుడు ఐదు స్లాబులున్నాయి. అన్నిటికన్నా కింద ఉన్నదే కారుతుంది.

ఆ గది గుమ్మంలోకే ఆగస్టులో ఒకరోజు జోగమ్మ చేపల బుట్టతో వచ్చి నిలబడింది. ఎల్లారావు భార్య పాపాయమ్మ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

"కప్పు మార్సాలి," అంది జోగమ్మ, బుట్ట దించకుండానే. "రేకులు నాకొద్దు. గాలి కొడితే దడదడలాడతన్నాయి. మనవరాలు నాలుగేళ్ళది, రేకు సప్పుడైతే సాలు మంచం కిందకి దూరిపోతంది. మరి బయటికి రాదు. పెంకులు నేసేవోడు ఇంకెవడున్నాడు? ఉంటే నీ మొకం సూడక్కర్నేకపోను."

"వస్తానప్పా," అన్నాడు ఎల్లారావు.

జోగమ్మ అంతటితో వెళ్ళిపోయింది. పాపాయమ్మ చీపురు కింద పడేసింది.

"ఎవరింటికి ఎల్తానన్నావో తెలుస్తన్నాదా? రేపు ఆ కప్పుకి ఏటైనా అయితే, ఈసారి ఆ వీధోళ్ళు నిన్ను తిట్టి ఒదిలెయ్యరు."

"అందుకే, ఏటీ కాకుండా నేస్తాను."

"అప్పుడూ అలాగే నేసినావు కదా?"

దీనికి ఎల్లారావు దగ్గర సమాధానం ఉంది. పదకొండేళ్ళుగా ఉంది. ఆయన అది పెళ్ళానికి కూడా చెప్పలేదు.

హుదూద్ తుఫానుకి రెండేళ్ళ ముందు జోగమ్మ ఇంటికి పెంకులు నేసింది ఆయనే. ప్రతి పెంకునీ కింద ముక్కుకున్న చిల్లులోంచి తీగ లాగి, పెంకులు ఆనే రీపరు కర్రకి బిగించాడు. పొయ్యి మీదకి వచ్చేసరికి జోగమ్మ వద్దంది. పొయ్యికి సరిగ్గా పైన ఐదు పెంకులు కట్టకుండా వదిలెయ్యడం వాళ్ళ వీధిలో అలవాటు. పొద్దున్న వెదురుకర్రతో లోపల్నుంచి పొడిచి పెంకు పైకెత్తితే పొగ పోతుంది, రెండు పూటల వంట అయ్యాక మళ్ళీ కర్రతోనే సర్దుకుంటారు. వాటిని పొగ పెంకులు అంటారు. గాలివానకి అలా వదలకూడదప్పా అని ఎల్లారావు అన్నాడు. మా అమ్మ ఇంటికీ ఉన్నాయి, మా అత్త ఇంటికీ ఉన్నాయి, నువ్వు మాకు నేర్పుతావేటి అని జోగమ్మ అంది. ఇంటావిడ మాట. ఎల్లారావు వదిలేశాడు.

రెండువేల పధ్నాలుగు అక్టోబరులో హుదూద్ వచ్చిన రోజు, గాలి పొద్దున్నంతా ఒక పక్క నుంచే కొట్టి, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. నూకరాజు కప్పు ఎక్కాడు. పొయ్యి మీద పెంకులు ఐదూ లేచిపోయి వాన నేరుగా పొయ్యిలో పడుతోంది మరి, సర్దొద్దూ? ఆయన అక్కడ వంగి ఉండగానే గాలి రెండో పక్క నుంచి తిరిగొచ్చింది. కప్పు ఆ కన్నం దగ్గరే విప్పుకుంది. నూకరాజు వీధిలో పడ్డాడు, ఆయన మీద పెంకులు పడ్డాయి. రోడ్డంతా చెట్లు అడ్డంగా పడి ఉంటే బండి ఎక్కడిది? నలుగురు తలుపుచెక్క మీద మోసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

ఐదో రోజు ఎల్లారావు చూడ్డానికి వెళ్ళాడు. నేల మీద పడి ఉన్న రీపర్లకి అంతటా తీగ ముక్కలు వేళ్ళాడుతున్నాయి. ఒక్కచోట మాత్రం కర్ర నున్నగా ఉంది. పని తెలిసినవాడికి ఇంకేం చెప్పక్కర్లేదు. గోడకి చేరబడి కూర్చున్న జోగమ్మ ఆయన్ని చూసి, "వీడే నేసినాడు," అంది. అందరూ తిరిగి చూశారు. ఎల్లారావు నోరు తెరిచాడు. ఆవిడ కళ్ళు చూశాడు. నోరు మూసుకున్నాడు. ఎవరో మట్టిబెడ్డ విసిరారు, తగల్లేదు. ఆయన మాత్రం తగిలినట్టే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

ఇదీ ఆయన దగ్గరున్న సమాధానం.

ఇప్పుడు మళ్ళీ అదే ఇల్లు. తిరుమలరావు ఎల్లారావుతో మాట్లాడడు. "నీ ఇష్టం" అని తల్లితో అనేసి ఊరుకున్నాడు. మాట్లాడింది కోడలు అనూరాధ.

"రేకులైతే ఒక్కరోజులో అయిపోద్ది కదా బాబాయ్, రంగు రేకులు, బావుంటాయి కూడా. మా అత్తకి సెప్పండి."

"రేకు పెద్దదమ్మా. ఒక మూల లేసినాదంటే గాలికి తెరసాప దొరికినట్టే, మొత్తం పట్టుకుని ఎల్లిపోద్ది. ఎల్లి ఊరికే ఉంటాదా, ఎవుడి పీకో కోస్తాది. పెంకు సిన్నది, బరువు. లేస్తే ఒకటి లేస్తాది. కట్టిన పెంకు అదీ లేవదు."

"మరి మావయ్యప్పుడు..." అని అనూరాధ ఆగిపోయింది.

ఎల్లారావు ఆ మాట విననట్టు చూరు వైపు చూశాడు. "సూరు ఇంత పొడుగు ఉండకూడదు. గాలి కిందనుంచి దానికే సెయ్యి ఏస్తాది. జానెడుకి కోసేస్తాను."

"ఓరి నీ సూరు కొయ్యా!" అంది లోపల్నుంచి జోగమ్మ. "నా బుట్టలెక్కడ పెట్టుకోను?"

"లోపలెట్టుకో అప్పా."

"ఇల్లంతా సేపల కంపు కొడతాది."

"ఇప్పుడేటి, సంపెంగల వాసనొస్తన్నాదా?"

చూరు కోశాడు. వాలు ఎక్కువ పెట్టాడు. ఎలమంచిలి దగ్గర కూల్చేస్తున్న పాత బియ్యం మిల్లు పెంకులు తెప్పించి, ఒక్కొక్కటీ మోగించి ఏరాడు. ఇక కట్టడానికి తీగ అనుకుంటుండగా ఆయనకే తట్టింది. సముద్రం పక్కన ఇనప తీగ మూడేళ్ళకి తుప్పు పట్టి పొడైపోతుంది. ఆ ఇంట్లో మూలనపడి ఉన్న నైలాను వల తాడుకి తుప్పేమిటి? ఎండ తగిలితే పాడవుతుందేమో గానీ, పెంకు కింద ఎండెక్కడిది? అయితే ఆ జారుడు తాడుకి ఎల్లారావు వేసిన ముడి ఏదీ నిలబడలేదు. మూడు సార్లు వేశాడు. మూడు సార్లూ దానంతట అదే విప్పుకుంది. నలభై ఏళ్ళుగా కప్పులు నేసినవాడు ముడి వెయ్యడం చేతగాక కప్పు మీద కూర్చుని ఉండగా, కింద నించి తిరుమలరావు చాలాసేపు చూశాడు. చూసి, లోపలికెళ్ళి, నిచ్చెన వేసుకుని కప్పు కింద నిలబడ్డాడు.

అక్కడినుంచి నాలుగు రోజులు పని అలాగే నడిచింది. పైన ఎల్లారావు పెంకు చిల్లులో తాడు దూర్చి కొసలు కిందకి వదుల్తాడు. కింద ఒక చెయ్యి వాటిని అందుకుని, వల అల్లేటప్పుడు వేసే ముడి వేసి, రెండు సార్లు లాగుతుంది. అయిందని అర్థం. ఎల్లారావు తరవాతి పెంకు పెడతాడు. ఇద్దరి మధ్యా ఒక పెంకు మందం. మాట లేదు. రోజుకి కొన్ని వందల సార్లు ఆ చెయ్యి లాగుతుంటే, మూడో రోజుకి ఎల్లారావుకి అది మాటలాగే అనిపించసాగింది. ఒకసారి పొరపాటున "ఊఁ" అని జవాబు కూడా ఇచ్చి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకున్నాడు.

వీధి కూడా మెత్తబడింది. పక్కింటి అసిరమ్మ కిందనుంచి పిలిచి, "మాదీ సూడాలి, దీపావళి అయ్యాక," అంది. ఎదురింటివాళ్ళు, ఆ పైన మరో ఇంటివాళ్ళు అడిగారు. ఎల్లారావు ఆ సాయంత్రం మెట్ల కింద గదిలో పాపాయమ్మతో, వాచ్‌మన్ పని మానేస్తే ఎలా ఉంటుందంటావు అన్నాడు. పాపాయమ్మ ఆయన నుదురు ముట్టుకుని జ్వరం ఉందేమో చూసింది.

ఐదో రోజు పొయ్యి మీద భాగం ఒక్కటే మిగిలింది.

జోగమ్మ వీధిలోకి వచ్చి నడుం మీద చేతులేసుకుని పైకి చూసింది. "ఎల్లారావూ, ఆ ఐదూ కట్టకు. ఒదిలెయ్యి."

ఎల్లారావు చేతిలో పెంకు అలాగే ఉంది. "అప్పా, గోడకి సిన్న కన్నం పెడతాను, గాలొస్తే గోనె కుక్కుకోవొచ్చు. ఇవి..."

"గోడలు తొలవక్కర్నేదు. మా అమ్మ ఇంటికీ ఉన్నాయి. ఆ ఐదూ ఏటీ సెయ్యనేదు. ఎవుడికీ ఏటీ సెయ్యనేదు. ఒదిలెయ్యమన్నానా?"

ఎల్లారావు కిందకి చూశాడు. పదకొండేళ్ళ కిందట గోడకి చేరబడి కూర్చున్నప్పుడు చూసిన కళ్ళే. అప్పుడు ఆయనకి సగమే అర్థమైంది, ఇప్పుడు మొత్తం అర్థమైంది. ఆ ఐదూ కట్టించుకుందంటే, అప్పుడు కట్టొద్దన్నది తప్పని ఆవిడ ఒప్పుకున్నట్టే. వదిలేసినంత కాలం తప్పు ఎల్లారావుది. మనవరాలు మంచం కింద దూరినా సరే, ఆవిడ వాటిని కట్టనివ్వదు. మొండితనం కాదు. కట్టనిస్తే ఆవిడకి నిలబడ్డానికి చోటు లేదు.

చుట్టూ చూశాడు. అసిరమ్మ గుమ్మంలో చేపలు కోస్తోంది. ఎదురింటివాళ్ళు అరుగు మీదున్నారు. లోపల కప్పు కింద తిరుమలరావు తాడు కోసం ఎదురుచూస్తున్నాడు. దీపావళి తరవాతి మూడు ఇళ్ళూ ఎల్లారావు కళ్ళ ముందు కప్పులు లేకుండా నిలబడ్డాయి.

"అప్పా," అన్నాడు గట్టిగా, వీధంతా వినేలా. "కిందటిసారి నువ్వు కట్టమనే సెప్పినావు. నానే కట్టనేదు. పొద్దుపోనాది, రేపొచ్చి కడదాంలే అని దిగిపోనాను. మరి మర్సిపోనాను. ఈసారీ మర్సిపొమ్మంతావేటి?"

అసిరమ్మ చేతిలో కత్తి ఆగింది.

జోగమ్మ ఆయన వైపు చూస్తూనే ఉంది. ఆవిడకి నిజం తెలుసు. ఆయనకి తెలుసని ఆవిడకి తెలుసు. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కట్టు," అంది. అని, సముద్రం వైపు నడుచుకుంటూ పోయింది.

కప్పు కింద నిచ్చెన చప్పుడైంది. తిరుమలరావు బయటికొచ్చి, ఆ నిచ్చెననే చూరుకి ఆన్చి పైకెక్కాడు. పదకొండేళ్ళలో ఇద్దరూ ఎదురెదురుగా చూసుకోవడం అదే మొదలు.

"మా అయ్య ఆ ఐదింటికే ఎక్కినాడు."

"అవును బాబూ."

"మర్సిపోనావా?"

"మర్సిపోనాను."

"ఇన్నేళ్ళూ నోరెందుకు ఎత్తనేదు?"

"సిగ్గేసినాది."

తిరుమలరావు చెయ్యి చాచి ఎల్లారావు చేతిలో పెంకు లాక్కున్నాడు. కొడతాడనే అనుకున్నాడు ఎల్లారావు. తను ఎటు పడితే కొత్తగా నేసిన వరస పగలకుండా ఉంటుందో చూసుకుని, కొంచెం ఎడమకి జరిగి కూర్చున్నాడు కూడా. తిరుమలరావు ఆ జరగడం చూశాడు. పెంకుని వేలితో కొట్టి చూసి, తిరిగి ఆయన ఒళ్ళో పెట్టి కిందకి దిగిపోయాడు.

ఆ ఐదు పెంకులకీ ఒక్కొక్కదానికి మూడేసి ముడులు పడ్డాయి. ప్రతి ముడికీ చెయ్యి ఎంత గట్టిగా లాగిందంటే, పైన ఎల్లారావు కూర్చున్న కర్ర కదిలింది. ఐదోది అయ్యాక లోపల్నుంచి మాట వినిపించింది.

"దిగినాక, ఈ వీధిలో మరి నాకు కనపడకు."

ఎల్లారావు కొప్పు పెంకులు సిమెంటుతో అతికి, గోడకి పిడికెడంత కన్నం పెట్టి, పనిముట్లు సంచిలో సర్దుకుని దిగాడు. అనూరాధ మజ్జిగ ఇవ్వబోయి, మొగుడి వైపు చూసి, గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికెళ్ళింది. ఎల్లారావు తాగాలా వద్దా అని ఆలోచించి, తాగలేదు. అసిరమ్మ ఇంటి ముందునుంచి వెళ్తుంటే ఆవిడ తలుపేసుకుంది. మర్నాటికి మిగతా రెండు ఇళ్ళవాళ్ళూ రంగు రేకులకి చెప్పేసుకున్నారని తెలిసింది. పాపాయమ్మ చేపల బజారులో కథంతా విని వచ్చి, రెండు రోజులు ఆయనకి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. మూడో రోజు, "నువ్వు మర్సిపోయే మనిషివేనా?" అంది. ఎల్లారావు షుగరు మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు లేదన్నాడు. ఆవిడ మాత్రల అట్ట ఆయన మీదకి విసిరింది.

అక్టోబరు చివర్లో తుఫాను వచ్చింది. తీరం దాటేది ఇక్కడ కాదని టీవీలో చెబుతూనే ఉన్నారు. దాటేది ఎక్కడైతేనేం, పొద్దున్నించి సాయంత్రం దాకా గాలి సముద్రాన్ని బీచి రోడ్డు మీదకి విసిరి కొట్టింది. ఎల్లారావు అపార్ట్‌మెంటు గేటు పట్టుకుని నిలబడ్డాడు. పైవాళ్ళు గేటు కాస్తున్నాడనుకున్నారు. మధ్యాహ్నం గాలి కాస్త తగ్గినప్పుడు ఆయన మొహం నల్లబడిపోయింది. "ఎవుడూ ఎక్కకండ్రా, ఎవుడూ ఎక్కకండి," అని గేటుతో అన్నాడు.

మర్నాడు పొద్దున్నే జాలరిపేట వెళ్ళాడు. వీధిలోకి వెళ్ళలేదు. మాట అంటే మాటే. మలుపు దగ్గర ఒక ఆటో వెనక నిలబడి తొంగి చూశాడు. ఎదురింటి రంగు రేకు ఒకటి కరెంటు స్తంభానికి చుట్టుకుని ఉంది. అసిరమ్మ ఇంటి మీద కప్పే లేదు. ఆవిడ తడిసిన పరుపు వీధిలోకి ఈడుస్తోంది. వెళ్ళి రెండో కొస పట్టుకుందామని ఎల్లారావు అడుగు ముందుకి వేసి, వెనక్కి తీసుకున్నాడు. జోగమ్మ ఇంటి మీద పెంకులు తడిసి ఎర్రగా ఉన్నాయి. పొయ్యి మీద ఐదూ వరసలో ఉన్నాయి. గుమ్మంలో నాలుగేళ్ళ పిల్ల కూర్చుని బన్ను తింటోంది. అది బన్ను మొత్తం తినేదాకా చూసి, ఎల్లారావు బస్సెక్కి వచ్చేశాడు.

నాలుగో రోజు జోగమ్మ మద్దిలపాలెం వచ్చింది. గేటు ముందు బుట్ట దించి, పాపాయమ్మని గిన్నె తెమ్మనకుండానే లోపలికి వెళ్ళి తనే తీసుకొచ్చి, బుట్టలో ఉన్న పెద్ద చేపల్లోంచి రెండు ఏరి వేసింది. ఎల్లారావు స్టూలు మీదనించి లేచాడు. ఆవిడ కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆయన ఆ కళ్ళ వైపు చూడగానే ఆవిడ విరుచుకుపడింది.

"ఏటలా సూస్తన్నావు? ఏటి నేసినావురా కప్పు! ఉడతకి సందు నేదు. నీ కన్నంలోంచి పొగ పోదు, పాడూ పోదు. పొయ్యి ముట్టించినానంటే ఇల్లు కనపడదు. గేసు మీద పులుసు పులుసేటి? పదకొండేళ్ళలో ఎన్నడూ నేదు, పొద్దస్తమానం కళ్ళమ్మట నీళ్ళు కారతానే ఉన్నాయి. కోడలు సూస్తాది, కొడుకు సూస్తాడు, ఏటయినాది అమ్మా అంతాడు. ఆళ్ళకేటని సెప్పను?"

ఎల్లారావు చేపల గిన్నె అందుకుని, "పొగకే కదప్పా, కారనీ," అన్నాడు.